ఊయల పక్కనే వైఫై రౌటర్ ఉంది. నిజంగా భయపడాలా?

వేకువపాట (చర్చ ప్రారంభించినవారు)

మా పాపకు నాలుగు నెలలు. ఇంటర్నెట్ తీగ పడకగది మూలకే రావడంతో రౌటర్ అక్కడే గోడకు బిగించారు. తర్వాత ఊయల కూడా ఆ మూలకే చేరింది. రెండింటికీ మధ్య మూరెడు దూరం ఉంటుంది. మొన్న పాపను చూడడానికి వచ్చిన బంధువు ఒకరు దాన్ని చూసి, "పసిగుడ్డు తల పక్కన రేడియేషన్ పెట్టుకుని నిద్ర ఎలా పడుతుందమ్మా నీకు?" అన్నారు. ఆ మాట విన్న రాత్రి నుంచి నాకు నిజంగానే నిద్ర పట్టడం లేదు. అర్ధరాత్రి లేచి రౌటర్ ఆపేస్తున్నాను. మళ్లీ పాప ఏడుపు వినిపించే మానిటర్ గుర్తొచ్చి దాన్నీ ఆపేస్తున్నాను. అది ఆపితే పక్క గదిలో ఉన్నప్పుడు ఏడుపు వినబడదని ఇంకో భయం.

ఇంటర్నెట్‌లో వెతికితే సగం చోట్ల ఏమీ కాదన్నారు, సగం చోట్ల క్యాన్సర్ అన్నారు. నాకు ఊరడింపు అక్కర్లేదండి. విషయం తెలిసినవారు లెక్కలతో చెప్పండి, అర్థం చేసుకుంటాను.

యాంటెనామిత్ర

రేడియో పరికరాల ఉద్గారాలను కొలవడం నా వృత్తి. లెక్కలు అడిగారు కాబట్టి అవే చెబుతాను.

ముందు "రేడియేషన్" అనే మాట సంగతి. ఎక్స్‌రేనీ, వైఫైనీ, దీపం వెలుగునీ ఒకే మాటతో పిలవడం వల్లే సగం భయం పుడుతోంది. ఎక్స్‌రేకి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఉంది, అందుకే అది డీఎన్ఏను తెంచగలదు. ఆ పని చేయాలంటే ఒక్కో ఫోటాన్‌కు, అంటే తరంగంలోని ఒక్కో శక్తి తునకకు, సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఫోటాన్‌కు ఉన్నది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు. మన శరీరపు వెచ్చదనం వల్ల అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కదా, ఆ కదలికలోని శక్తి కూడా దీనికి రెండు వేల రెట్లకు పైనే ఉంటుంది. ఎన్ని ఫోటాన్లు వచ్చినా ఒక్కొక్కటిగా చూస్తే దేనికీ ఆ బలం లేదు. అవి చేయగలిగిందల్లా కొద్దిగా వేడి పుట్టించడం.

ఇక ఆ వేడి ఎంత? ఇంటి రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్‌లో సాధారణంగా 100 మిల్లీవాట్ల వరకు పంపుతుంది. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు ఇదే పౌనఃపున్యంలో పనిచేస్తుందని చాలామంది భయపడతారు. కానీ ఓవెన్ లోపల ఉండేది 700 నుంచి 1,000 వాట్లు, అంటే రౌటర్‌కు ఏడు వేల నుంచి పదివేల రెట్లు. పైగా ఆ శక్తి అంతా లోహపు పెట్టెలో బంధించి ఉంటుంది. రౌటర్ శక్తి గదిలో నలువైపులా పలచబడిపోతుంది.

మీ మూరెడు దూరాన్ని 45 సెంటీమీటర్లు అనుకుందాం. రౌటర్ ఒక్క క్షణం కూడా ఆగకుండా పూర్తి బలంతో పంపుతోందని అనుకున్నా, ఊయల దగ్గర చదరపు మీటరుకు 40 మిల్లీవాట్లు కూడా ఉండదు. ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ కమిషన్ సామాన్య ప్రజలకు పెట్టిన పరిమితి ఈ పౌనఃపున్యంలో చదరపు మీటరుకు 10 వాట్లు, అంటే 10,000 మిల్లీవాట్లు. మీ పాప ఉన్నచోట అందులో 250వ వంతు. వాస్తవంలో ఇంకా తక్కువ, ఎందుకంటే ఎవరూ వాడనప్పుడు రౌటర్ సెకనుకు పదిసార్లు "నేనున్నాను" అని ఒక చిన్న సంకేతం పంపి ఊరుకుంటుంది.

దాన్ని మూడు మీటర్ల అవతలకు జరపండి. 44 రెట్లు తగ్గిపోతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతవుతుంది, ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. జరపకపోతే ప్రమాదమని చెప్పడం లేదు. జరపడం తేలిక, దానితో మీకు నిద్ర పడుతుంది, అందుకే జరపమంటున్నాను.

సందేహజీవి

యాంటెనామిత్ర గారి లెక్కలో తప్పు పట్టను. కానీ ఆ పరిమితి దేనికి పెట్టిందో కూడా చెప్పాలి కదా. అది ఒళ్లు వేడెక్కకుండా పెట్టిన పరిమితి. వేడి తప్ప ఇంకే ప్రభావమూ ఉండదన్న నమ్మకం మీద కట్టిన గోడ అది. ఆ నమ్మకమే తప్పైతే?

2011 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ లియాన్ నగరంలో 14 దేశాల నుంచి 31 మంది శాస్త్రవేత్తలను కూర్చోబెట్టింది. రేడియో తరంగాలు "మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అని 2బి వర్గంలో చేర్చింది. 2018లో అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం మగ ఎలుకల గుండెల్లో కణితులకు "స్పష్టమైన ఆధారం" ఉందని ప్రకటించింది. 2015లో ఫ్రాన్స్ చట్టం చేసి మూడేళ్ల లోపు పిల్లలుండే శిశుసంరక్షణ గదుల్లో వైఫైని నిషేధించింది. వీళ్లందరూ పుకార్లు నమ్మేవాళ్లా? పొగాకు విషయంలో, ఆస్బెస్టాస్ విషయంలో కూడా మొదట "ఆధారం లేదు" అనే చెప్పారు. పసిపిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు చాలా తక్కువ. అలాంటప్పుడు "250వ వంతే కదా" అని తల్లికి ధైర్యం చెప్పడం నాకు మింగుడుపడదు.

మూడోగది

నాదీ సందేహజీవి గారి మాటే. పోయేదేముంది, రాత్రిపూట ఆపేస్తే సరి.

గణాంకాలపంతులు

ప్రజారోగ్య గణాంకాలు బోధిస్తాను. సందేహజీవి గారు చెప్పిన మూడూ నిజాలే, కొట్టిపారేయను. కానీ వాటిని పూర్తిగా చదివితే వేరే అర్థం వస్తుంది.

2బి అన్నది ప్రమాదం ఎంత పెద్దదో చెప్పే కొలమానం కాదు. ఆధారం ఎంత బలంగా ఉందో చెప్పేది. "అనుమానించడానికి కొంత ఉంది, కానీ తేల్చడానికి చాలదు" అని దాని అర్థం. కలబంద ఆకు మొత్తంగా తీసిన రసం కూడా అదే వర్గంలో ఉంది.

2011లో ఆ అనుమానానికి ముఖ్య కారణం 13 దేశాల్లో జరిపిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం. అందులో ఫోను అత్యధికంగా వాడిన పదో వంతు మందిలో, అంటే మొత్తం 1,640 గంటలు దాటినవారిలో, గ్లయోమా అనే మెదడు కణితి అవకాశం 40 శాతం ఎక్కువగా కనబడింది. అదే అధ్యయనంలో మామూలుగా వాడినవారికి అసలు వాడనివారికంటే తక్కువ కణితులు కనబడ్డాయి! ఫోను కణితి నుంచి కాపాడుతుందని ఎవరూ అనరు. అంటే ఎవరిని చేర్చుకున్నారు, వాళ్లు ఎంత గుర్తుపెట్టుకుని చెప్పారు అన్నచోట లోపం ఉంది. రోజుకు 12 గంటలకు పైగా మాట్లాడామని చెప్పిన రోగులు కూడా అందులో ఉన్నారు.

ఆ లోపాన్ని సరిదిద్దడానికే కాస్మోస్ అనే అధ్యయనం మొదలైంది. ముందుగా మనుషులను చేర్చుకుని, తర్వాత వాళ్లకు ఏమవుతుందో గమనించే పద్ధతి అది. ఫోను కంపెనీల రికార్డులు కూడా వాడారు. రెండున్నర లక్షలకు పైగా మందిని గమనించి 2024లో ఫలితం ప్రకటించారు. ఎక్కువ మాట్లాడినవారిలో మెదడు కణితులు పెరగలేదు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 అధ్యయనాలను జల్లెడ పట్టిన సమీక్ష కూడా మొబైల్ ఫోనుకూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని తేల్చింది. పిల్లల గురించి అడిగారు. 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్లవారి మీద జరిగిన మొబీ-కిడ్స్ అధ్యయనంలోనూ పెరుగుదల లేదు.

ఇవన్నీ చెవికి ఆనించి మాట్లాడే ఫోను గురించినవని మరచిపోవద్దు. గది మూలనున్న రౌటర్ వల్ల తలకు అందేది దానితో పోలిస్తే అత్యల్పం. బ్రిటన్ ఆరోగ్య రక్షణ సంస్థ 2007లో ఒక పోలిక చెప్పింది. వైఫై ఉన్నచోట ఏడాది పాటు కూర్చుంటే అందే మోతాదు, 20 నిమిషాలు మొబైల్‌లో మాట్లాడితే అందే మోతాదుతో సమానం.

ఇక ఎలుకలు. వాటిని గదుల్లో పెట్టి ఒళ్లంతా తగిలేలా, 2జీ, 3జీ ఫోను సంకేతాలను రోజుకు తొమ్మిది గంటలు, రెండేళ్లు ప్రసరింపజేశారు. అక్కడ వైఫై లేదు. అత్యధిక మోతాదు ఒంటి బరువులో కిలోకు 6 వాట్లు. ప్రజలకు ఒళ్లంతటికీ పెట్టిన పరిమితి కిలోకు 0.08 వాట్లు, అంటే ఎలుకలకు తగిలింది 75 రెట్లు. కణితులు మగ ఎలుకల్లోనే స్పష్టంగా కనబడ్డాయి. పైగా తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలనివాటికంటే ఎక్కువకాలం బతికాయి. ఈ ఫలితాన్ని పక్కన పడేయమని అనను. కానీ ఊయల పక్కనున్న రౌటర్‌కు దాన్ని అంటగట్టలేం.

పొగాకుతో పోలికే నాకు బాధ కలిగిస్తుంది. 1950ల నాటి అధ్యయనాల్లోనే పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. ఆధారం లేకపోవడం కాదు, ఉన్న ఆధారాన్ని వ్యాపారులు తొక్కిపెట్టారు. ఇక్కడ ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నా, అధ్యయనాలు మెరుగయ్యేకొద్దీ ఆ సంబంధం పలచబడుతోంది.

సందేహజీవి

ఓపిగ్గా రాశారు, కృతజ్ఞతలు. ఇంటర్‌ఫోన్‌లో మామూలు వాడుకదారులకు తక్కువ కణితులు కనబడ్డాయన్న సంగతి నాకు తెలియదు. నేను చదివిన చోట 40 శాతం అన్నదే ఉంది. ఫ్రాన్స్ చట్టం విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను. తేలనిచోట పసివాళ్లను దూరంగా ఉంచడం తప్పు కాదు.

గణాంకాలపంతులు

తప్పు కాదండి. ఆ చట్టం ముందుజాగ్రత్త కోసం చేసింది, హాని రుజువైందని కాదు. దూరంగా ఉంచడంలో మనకు పేచీ లేదు. భయంతో తల్లి నిద్రమానడంలోనే ఉంది.

యాంటెనామిత్ర

మూడోగది గారికి ఒక మాట. రౌటర్ ఆపేసి, మొబైల్‌ను డేటాతో తలగడ పక్కన పెట్టుకుంటే లెక్క తారుమారవుతుంది. ఫోను అప్పుడు ఇంట్లో ఉన్న రౌటర్‌తో కాక ఎక్కడో ఉన్న టవర్‌తో మాట్లాడాలి. సిగ్నల్ బలహీనంగా ఉంటే తన బలం పెంచుకుంటుంది, 200 మిల్లీవాట్ల దాకా పోగలదు. అదీ తలకు జానెడు దూరంలో. రాత్రిపూట ఆపదలచుకుంటే ఫోనును విమానం గుర్తు మీద పెట్టి, ఆ తర్వాత రౌటర్ సంగతి చూడండి.

చిలకపచ్చ

రౌటర్ మీద అంటించే రక్షణ స్టిక్కర్ ఒకటి, మెడలో వేసుకునే లాకెట్ ఒకటి కొన్నాం. పాపకు కూడా ఒకటి తీసుకోమని వేకువపాట గారికి చెబుదామని వచ్చాను.

యాంటెనామిత్ర

దయచేసి పాప మెడలో అలాంటిది వేయకండి, మీరూ తీసేయండి. ఇది వాదన కోసం చెప్పడం లేదు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ, 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్మిన పది వస్తువులను పరీక్షిస్తే వాటి నుంచి ఎక్స్‌రే తరహాలో ఎలక్ట్రాన్లను ఊడగొట్టే, అంటే అయానీకరించే రేడియేషన్ వస్తున్నట్టు తేలింది. లాకెట్లు, కడియం, కళ్లకు కట్టుకునే పట్టీ, పిల్లల కోసం చేసిన కడియం కూడా అందులో ఉన్నాయి. ఎక్కువకాలం ఒంటిమీద ఉంచుకుంటే చర్మానికి హాని అని హెచ్చరించింది. లేని ప్రమాదానికి భయపడి, నిజంగా డీఎన్ఏను తాకగల రకాన్ని పిల్లల ఒంటికి కట్టారు. ఆ వార్త చదివిన రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

స్టిక్కర్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఫోను యాంటెనాను సగం మూసే కవచమైతే ఇంకా చేటు, అడ్డు వచ్చినకొద్దీ ఫోను బలం పెంచుతుంది.

చిలకపచ్చ

లాకెట్ తీసి పక్కన పెట్టాను. దాన్ని చెత్తలో వేయవచ్చా?

యాంటెనామిత్ర

వద్దు. ఒక డబ్బాలో మూతపెట్టి, పిల్లలకు అందని చోట ఉంచి, రేడియేషన్ భద్రత చూసే ప్రభుత్వ విభాగాన్ని అడగండి. నెదర్లాండ్స్‌లోనూ అలాగే పక్కన పెట్టి, ఎలా తిరిగి ఇవ్వాలో చెప్పేవరకు ఆగమన్నారు.

రాత్రిదీపం

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఇప్పుడు రాయాలనిపించింది. మా ఇంట్లో వైఫై పెట్టిన రెండు నెలలకు నాకు తలనొప్పి మొదలైంది. ఉదయం లేవగానే కణతల దగ్గర బిగిసినట్టు ఉంటుంది. రౌటర్ ఆపిన రాత్రుల తర్వాత హాయిగా ఉంటుంది. ఏడాదిన్నరగా ఇదే. మీ అధ్యయనాలన్నీ క్యాన్సర్ గురించే. నా నొప్పి గురించి ఎవరు చెబుతారు?

నిటారు

అదంతా మీ ఊహ. మనసుకు సంబంధించిన వైద్యుడిని కలవండి.

వేకువపాట

నిటారు గారూ, ఇలాంటి మాటలు నేను తెరిచిన చర్చలో వద్దు. నొప్పి భరించేవాళ్లకు తెలుస్తుంది.

తెల్లకోటు

నర్సుగా పద్దెనిమిదేళ్లు పనిచేశాను. రాత్రిదీపం గారూ, మీ తలనొప్పి నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2005లో ఇలాంటివారి గురించి అదే చెప్పింది, లక్షణాలు నిజమైనవి, కొందరిని బాగా కుంగదీస్తాయి అని. కారణం తరంగాలే అనడానికి మాత్రం శాస్త్రీయ ఆధారం లేదంది.

ఎలా తెలిసిందంటే, తమకు సిగ్నల్ పడదని నమ్మేవాళ్లను గదిలో కూర్చోబెట్టి, వాళ్లకూ పరీక్షించేవాళ్లకూ తెలియకుండా సిగ్నల్ పెట్టడం, తీసేయడం చేశారు. 2010లో వచ్చిన సమీక్ష ఇలాంటి 46 ప్రయోగాలను, వెయ్యికి పైగా మందిని లెక్కలోకి తీసుకుంది. సిగ్నల్ ఉన్నదీ లేనిదీ వాళ్లు నమ్మకంగా పసిగట్టలేకపోయారు. సిగ్నల్ లేకపోయినా ఉందని నమ్మితే నొప్పి వచ్చింది. 2013లో ఇంకో ప్రయోగం జరిగింది. వైఫై ప్రమాదాల గురించి భయపెట్టే టీవీ కార్యక్రమాన్ని కొందరికి చూపించి, తర్వాత ఉత్తుత్తి సిగ్నల్ ఇచ్చారు. పాల్గొన్నవారిలో సగానికి పైగా లక్షణాలు చెప్పారు. ముందే ఆందోళన ఎక్కువగా ఉండి ఆ కార్యక్రమం చూసినవారిలో అవి మరింత ఎక్కువ. దీన్ని నోసీబో అంటారు. మాత్ర పేరుతో ఉత్తి చక్కెర ఇచ్చినా నొప్పి తగ్గడం ఒక వైపైతే, ఇది రెండో వైపు. రెండింటిలోనూ శరీరంలో నిజంగానే ఏదో జరుగుతుంది.

నా భయం వేరే. నెపం రౌటర్ మీద వేసి ఏడాదిన్నరగా అసలు కారణం వెతకలేదేమో. ఉదయపు తలనొప్పికి రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగడం, పళ్లు కొరకడం, నొప్పి మాత్రలు అతిగా వాడడం, ఇలా చాలా ఉన్నాయి. వైద్యుడికి చూపించండి. దానితోపాటు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఇంట్లో ఒకరు రోజూ రాత్రి నాణెం ఎగరేసి, బొమ్మ పడితే రౌటర్ పెట్టాలి, బొరుసు పడితే ఆపాలి, అది మీకు చెప్పకుండా తన పుస్తకంలో రాసుకోవాలి. రౌటర్ దీపాలు మీకు కనబడకూడదు, ఫోన్లన్నీ ఆపి ఉండాలి. ఉదయం లేవగానే నొప్పికి సున్నా నుంచి పదిలోపు అంకె, రౌటర్ ఉందో లేదో మీ అంచనా మీ పుస్తకంలో రాయండి. ఇరవై రాత్రులు అయ్యాకే రెండు పుస్తకాలూ కలిపి చూడండి.

మెట్లదారి

మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. ఇంట్లో వైఫై ఉండవచ్చా?

తెల్లకోటు

ఉండవచ్చు. మొబైల్ ఫోనును మాత్రం పేస్‌మేకర్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమనండి, చొక్కా పైజేబులో వద్దు. కొన్ని ఫోన్లలో అయస్కాంతాలు కూడా ఉంటాయి.

రాత్రిదీపం (నాలుగు వారాల తర్వాత)

ఇరవై రాత్రులు పూర్తయ్యాయి. మా తమ్ముడు నాణెం ఎగరేశాడు, తన పుస్తకం తన దగ్గరే దాచుకున్నాడు.

పదకొండు రాత్రులు రౌటర్ ఉంది, తొమ్మిది రాత్రులు లేదు. నా అంచనా సరిపోయింది పదిసార్లు. సగానికి సగం. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి కనబడింది. "ఈ రాత్రి ఉంది" అని నేను రాసిన ఉదయాలన్నీ నొప్పి ఆరు, ఏడు. "లేదు" అని రాసినవి రెండు, మూడు. రౌటర్ నిజంగా ఉందా లేదా అన్నదానితో ఆ అంకెలకు పొంతనే లేదు.

ఆ రోజు తమ్ముడి మీద అరిచాను. తప్పు రాశావన్నాను. రెండు రోజులు ఈ చర్చ తెరవలేదు. ఏడాదిన్నరగా ఇంట్లోవాళ్లందరినీ రాత్రిళ్లు ఇంటర్నెట్ లేకుండా ఉంచాను, పిల్లల చదువులు ఆగాయి. అది తలచుకుంటే సిగ్గుగా ఉంది.

వైద్యురాలు రక్తపోటు చూసి బాగానే ఉందన్నారు. దవడ నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చింది. పళ్ల వైద్యుడి దగ్గరికి పంపారు. దవడపళ్లు అరిగిపోయి ఉన్నాయట, నిద్రలో కొరుకుతున్నానట. రాత్రి పెట్టుకోవడానికి తొడుగు ఇచ్చారు. వారం అయింది. రెండు ఉదయాలు నొప్పి లేకుండా లేచాను. మిగతా అయిదు ఉదయాలు మామూలే.

తెల్లకోటు

సిగ్గు ఎందుకమ్మా. ఇరవై రాత్రులు పట్టుబట్టి లెక్క రాసి, వచ్చింది దాచకుండా చెప్పారు. తొడుగు అలవాటు కావడానికి వారాలు పడుతుంది, మానకండి. నెలకు కూడా తగ్గకపోతే మళ్లీ చూపించండి.

సందేహజీవి

రాత్రిదీపం గారూ, మీ రెండు పుస్తకాల సంగతి రెండుసార్లు చదివాను. మా ఇంట్లో ఒకరికి ఇలాగే ఉంది. నాణెం పద్ధతి వాళ్లకు చెబుతాను.

వేకువపాట

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. పాప ఏడుపు వినిపించే మానిటర్ ఊయలకు ఎంత దూరంలో ఉండాలి?

తెల్లకోటు

కనీసం ఒక మీటరు. తరంగాల కోసం కాదు, తీగ కోసం. మానిటర్ తీగ ఊయలకు అందేలా ఉంటే పిల్లలు లాక్కుని మెడకు చుట్టుకున్న సంఘటనలు ఉన్నాయి, ప్రాణాలు పోయాయి. వేలాడే ఏ తీగైనా ఊయలకు మూడు అడుగుల లోపల ఉండకూడదు. పాప ఇంకో నెలలో దొర్లుతుంది, చేతికి అందినదల్లా పట్టుకుంటుంది. రౌటర్ కరెంటు తీగ ఎక్కడుందో ఒకసారి చూడండి.

వేకువపాట

ఇప్పుడే వెళ్లి చూశాను. రౌటర్ తీగ గోడ నుంచి జారి ఊయల అంచు మీదుగా వేలాడుతోంది. ఇన్ని రాత్రులు ఆ దీపాలే చూస్తూ కూర్చున్నాను, తీగ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రౌటర్‌ను హాలులోకి మార్చాం, మానిటర్‌ను ఎత్తుగా అలమర మీద పెట్టాం. పాప నిద్రపోతోంది.